సూటు గుడ్డ: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మే నెలలో తిరుపతిలో నా రిసెప్షన్. షాపులో సూపర్ 150 ఉన్ని గుడ్డ చూపించి ఇదే మేలంటున్నారు. ఆ సూటే తర్వాత ఆఫీసుకూ వేసుకోవాలి. నాకు తగినదేనా? ఎన్ని మీటర్లు కావాలి?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఒంటికి సరిపోవడం టైలరు పని, రంగు నప్పిందో లేదో అద్దం చెబుతుంది. తగడం మాత్రం ఎప్పుడు, ఎన్నిసార్లు వేస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ లెక్కన సూపర్ 150 మీకు తగదు. ఆ అంకె గుడ్డకు వేసిన మార్కు కాదు, ఉన్ని పోగు ఎంత సన్నమో చెప్పేది. సూపర్ 100లో పోగు మందం 18.75 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించదు, 150లో 16.25. సన్నబడేకొద్దీ గుడ్డ మెత్తబడుతుంది, కానీ ముడతలు త్వరగా పడతాయి, కూర్చునే చోట ప్యాంటు అరుగుతుంది. 100–120 మధ్య తీసుకోండి.

మన మే ఎండలకు అసలు చూడాల్సింది బరువు, నేత. చదరపు మీటరుకు 220–250 గ్రాములుండే సాదా నేత గుడ్డను వెలుతురుకు ఎత్తి చూడండి. సన్నటి సందులు కనబడితే గాలి ఆడుతుంది. మరీ పల్చనైతే ప్యాంటు మడత నిలవదు. గుప్పిట్లో పది సెకన్లు నలిపి వదిలితే మంచి ఉన్ని తేరుకుంటుంది. అనుమానముంటే అంచు నుంచి రెండు దారాలు లాగి కాల్చండి. ఉన్నయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్లకు నలుగుతుంది. పాలిస్టర్ కలిస్తే గట్టి పూస మిగులుతుంది. లైనింగ్ విస్కోస్‌ది (కలప గుజ్జు నుంచి తీసే దారంతో నేసింది), వీపులో సగానికే వేయించండి. పాలిస్టర్ లైనింగ్ వేస్తే పైన ఎంత మంచి ఉన్ని ఉన్నా చెమట తప్పదు.

58 అంగుళాల పన్నాలో కోటు, ప్యాంటుకు 3.25 మీటర్లు. వెయిస్ట్‌కోటుకు మరో ముప్పావు మీటరు, గళ్ల గుడ్డయితే గళ్లు కలపడానికి ఇంకో అర మీటరు. అంతా ఒకే తానులోంచి ఒకేసారి కోయించండి. తర్వాత కొంటే అద్దకం తేడా పగటి వెలుగులో బయటపడుతుంది. కత్తెర పెట్టేముందు గుడ్డకు ఆవిరి పట్టించి ఓ రాత్రి ఆరబెట్టమనండి. లేకపోతే మొదటి ఆవిరి ఇస్త్రీకే కుట్ల దగ్గర ముడుచుకుంటుంది.

ప్రశ్న: డ్రై క్లీనింగ్ నుంచి వచ్చాక కోటు ఛాతీ మీద బుడగలు లేచాయి. పోతాయా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: లోపల బంకతో అతికించిన ఫ్యూజింగ్, అంటే కోటు బిగువుగా నిలవడానికి వేసే లోగుడ్డ, విడిపోయింది. అతికించేటప్పుడు వేడి, ఒత్తిడి చాలకపోయినా, గుడ్డా ఫ్యూజింగూ చెరో తీరున ముడుచుకున్నా ఇలాగే అవుతుంది. తడిగుడ్డ పరిచి ఇస్త్రీ పెట్టెతో అదిమితే కొన్నాళ్లు అణుగుతాయి, మళ్లీ లేస్తాయి. ఈసారి కుట్టించేటప్పుడు ఛాతీ, కాలరు మడతల వరకైనా కుట్టు కాన్వాసు (దారంతో కుట్టి నిలిపే లోగుడ్డ) అడగండి. కూలి ఎక్కువవుతుంది, కానీ అందులో విడిపోవడానికి బంకే ఉండదు.