స్టాంపుల వెనుక కాగితం తీయడం గురించి మేనకోడలికి రాసిన ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోనులో పంపిన ఫొటోలన్నీ నిదానంగా చూశాను. ఫోనులో చెప్పడానికి మించిన సంగతులు కావడంతో కాగితం మీద రాస్తున్నాను. అంబాజీపేట ఇంటి అటక మీద మీ ముత్తాతగారి రేకు పెట్టె దొరకడం, అందులో రంగూన్ నుంచి, యానాం నుంచి వచ్చిన ఉత్తరాలు ఇన్నేళ్ళ తరువాత కూడా కట్టలు చెదరకుండా ఉండడం నాకు ఎంత సంతోషాన్నిచ్చిందో చెప్పలేను. అయితే టీ కాచే గిన్నె ఆవిరి మీద పట్టి రెండు స్టాంపులు ఊడదీశావని, వాటిలో ఒకదాని వెనుక పొర కవరుకే అంటుకుపోయిందని చదివి మాత్రం మనసు కలుక్కుమంది. ఈ ఉత్తరం పూర్తిగా చదివేవరకు మూడోదానిని ముట్టుకోవద్దు.

ఆవిరి వల్ల జరిగేది ఇది. ఆవిరి స్టాంపు అంచులను త్వరగా తడిపి, మధ్యభాగాన్ని సగం తడిపి వదిలేస్తుంది. అంచు లేచింది కదా అని లాగితే, మధ్యలో ఇంకా పట్టు వదలని జిగురు స్టాంపు కాగితంలోని నారను తనతో తీసుకుపోతుంది. పైనుంచి చూస్తే బొమ్మ చక్కగానే కనిపిస్తుంది కానీ, వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఆ చోట పలచగా మెరుస్తుంది. సేకర్తలు దీనిని ‘థిన్’ అంటారు. ఒకసారి పలచబడిన స్టాంపును మళ్ళీ మామూలుగా చేసే ఉపాయం లేదు. అందుచేత స్టాంపును కాగితం నుంచి లాగకూడదు. జిగురు పూర్తిగా కరిగి, కాగితమే స్టాంపును వదిలిపెట్టేదాకా ఆగాలి. మిగిలిన జాగ్రత్తలన్నీ ఈ ఒక్క విషయం కోసమే.

నీళ్ళ పళ్ళెం దగ్గరకు వెళ్ళే ముందు, అసలు ఏ స్టాంపును ఊడదీయాలో, దేనిని ఊడదీయకూడదో తేల్చుకోవాలి. నువ్వు పంపిన ఫొటోల్లో మూడోది యానాం కవరు. యానాం 1954 వరకు ఫ్రెంచి వారి పాలనలో ఉంది కనుక అక్కడి తపాలాకు ఫ్రెంచి ఇండియా స్టాంపులు వాడేవారు. గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊరి ముద్ర, ఆ స్టాంపు, పైన మీ ముత్తాతగారి చిరునామా, అన్నీ ఒకే కవరు మీద ఉన్నప్పుడే దానికి ఒక కథ ఉంటుంది. స్టాంపును వేరు చేస్తే అది ఎక్కడైనా దొరికే ఫ్రెంచి ఇండియా స్టాంపు మాత్రమే అవుతుంది. రంగూన్ ఉత్తరాల సంగతీ అంతే. 1937 మార్చి 31 వరకు బర్మాలో భారతదేశపు స్టాంపులే చెల్లేవి. ఆ ఏప్రిల్ 1న బర్మా వేరుపడినప్పుడు అవే స్టాంపుల మీద బర్మా పేరు అచ్చు వేసి వాడారు. అందువల్ల అంతకు ముందరి స్టాంపు రంగూన్ నుంచి వచ్చిందని తెలియాలంటే దాని మీద పడిన రంగూన్ ముద్ర ఒక్కటే ఆధారం. కోరంగి నుంచి, కాకినాడ నుంచి ఓడలెక్కి వెళ్ళిన మన వాళ్ళు ఇంటికి రాసిన ఉత్తరాలివి. వీటిని కవర్లతో సహా అలాగే ఉంచు. పాత ఇంగ్లీషు స్పెల్లింగుతో కాకినాడ ముద్ర స్పష్టంగా పడిన కవర్లను కూడా కదపవద్దు.

కార్డుల మీద, ఇన్‌లాండ్ లెటర్ల మీద అచ్చయిన స్టాంపు కాగితంలో భాగమే కాబట్టి దానిని ఊడదీయడమన్న ప్రశ్న లేదు, కత్తిరించనూ వద్దు. ఇక నీళ్ళలో వేయదగినవి ఏవంటే, కవరు చిరిగిపోయి, ముద్ర అలికినట్టు పడి, చదవడానికి ఏమీ మిగలనివి. నీ కట్టల్లో 1957 తరువాతి నయా పైసల స్టాంపులు చాలా ఉన్నాయి. ముందు వాటితో చేయి అలవాటు చేసుకో.

తరువాత రంగుల విషయం. నీళ్ళు చేసే నష్టంలో ఎక్కువ భాగం ఇక్కడే జరుగుతుంది కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. శుభలేఖ కవర్లకు నాలుగు మూలలా పసుపు రాస్తాం కదా, ఆ పసుపు తడవగానే కదిలి స్టాంపు అంచు చిల్లుల్లోకి ఎక్కుతుంది. సబ్బు నీళ్ళతో కడగబోతే ఎర్రబడుతుంది కూడా. నా పన్నెండో ఏట ఒక శుభలేఖ కవరు ముక్కను, పది మంచి స్టాంపులను ఒకే పళ్ళెంలో వేసి ఆడుకోవడానికి వెళ్ళిపోయాను. తిరిగి వచ్చేసరికి అన్నీ పసుపు పచ్చగా తేలుతున్నాయి. వాటిని ఇప్పటికీ పారవేయలేదు. ఎరుపు, గులాబి, ముదురు నీలం కవర్లు, గల్ఫ్ నుంచి వచ్చే ఎరుపు నీలం అంచుల ఎయిర్‌మెయిల్ కవర్లు కూడా రంగు వదులుతాయి. అలాంటి కాగితాన్ని స్టాంపు చుట్టూ వీలైనంత దగ్గరగా కత్తిరించి, ఒక్కొక్కదానిని వేరే గిన్నెలో వేసి, నీటికి రంగు వస్తున్నట్టు కనబడగానే నీళ్ళు మార్చాలి.

ఊదారంగు కాపీయింగ్ పెన్సిల్ రాత గానీ, ఊదా రబ్బరు ముద్ర గానీ ఉంటే మరీ జాగ్రత్త. ఆ పెన్సిల్ రాత పొడిగా ఉన్నప్పుడు బూడిదరంగు గీతలా కనిపించి, తడి తగిలిన క్షణంలో ఊదా మరకగా పాకిపోతుంది. అనుమానం ఉన్నచోట చెవికి వాడే దూది పుల్లను తడిపి, పిండి, ముద్ర చివర ఒక్కసారి అద్ది చూడు. దూదికి రంగు అంటితే ఆ స్టాంపును కాగితంతోనే ఉంచు. స్టాంపు సిరా కూడా ఒక్కోసారి నీటికి ఓర్వదు. ముద్రను కడిగి స్టాంపును రెండోసారి వాడే మోసాన్ని ఆపడానికి, 1883, 1884లలో బ్రిటన్ కావాలనే నీటికి కరిగిపోయే సిరాలతో లేత ఊదా, ఆకుపచ్చ స్టాంపులు వేసింది. నీళ్ళలో పడితే ఆ ఆకుపచ్చ వెలిసిపోతుంది. తరువాతి కాలపు మలయా, సింహళ స్టాంపుల్లో సుద్దపూత కాగితం మీద అచ్చయినవి ఉన్నాయి. తడిగా ఉన్నప్పుడు వాటి ముఖాన్ని వేలితో రుద్దితే బొమ్మే లేచిపోతుంది.

ఇక నీళ్ళు. మీ వైపు బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ ఉప్పు కాగితంలో మిగిలి తేమను పీలుస్తుంది. తాగడానికి పెట్టుకున్న ఫిల్టరు నీళ్ళు వాడు. చేయి పెడితే చల్లగా గానీ, గోరువెచ్చగా గానీ ఉండాలి, అంతకు మించి వేడి వద్దు. వెడల్పాటి పళ్ళెంలో రెండు వేళ్ళ లోతు పోసి, స్టాంపు చుట్టూ అర అంగుళం కాగితం ఉండేలా కత్తిరించిన ముక్కలను బొమ్మ పైకి ఉండేలా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా, పది పన్నెండుకు మించకుండా తేలనివ్వు. కత్తిరించేటప్పుడు కత్తెర చిల్లుల అంచుకు తగలకూడదు. ఒక్క పన్ను తెగినా స్టాంపు లోపమైనదే. నీరు కింది కాగితం గుండా ఎక్కి జిగురును చేరడానికి పావుగంట నుంచి అరగంట పడుతుంది. కాగితం దానంతట అది కిందికి జారితే పని అయినట్టు. జారకపోతే ఇంకా పావుగంట ఉంచు. గోరు పెట్టవద్దు, బ్లేడు అసలే వద్దు.

కొన్ని ఎంతకీ వదలవు. వెనకటికి స్టాంపు జిగురు చాలదనిపిస్తే ఇంట్లో ఉడికించిన మైదా జిగురు రాసేవారు. అది కరగదు, ఉబ్బి మెత్తబడుతుంది. దానికి గంటకు పైగా పట్టవచ్చు. మెత్తబడ్డాక నీళ్ళలోనే మెత్తని కుంచెతో మధ్య నుంచి అంచు వైపుకు తుడవాలి. ఫెవికాల్ పెట్టినవి, సెల్లో టేపు అంటుకున్నవి, అమెరికా, బ్రిటన్‌ల ఇటీవలి స్టిక్కరు స్టాంపుల్లో చాలావరకు మన నీళ్ళకు లొంగవు కాబట్టి వాటిని కాగితంతోనే చక్కగా కత్తిరించి దాచు.

కాగితం వదిలిన స్టాంపును రెండో పళ్ళెంలో మంచి నీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచి, వెనుక భాగాన్ని వేలి కొసతో తాకి చూడు. జారుడుగా ఉంటే జిగురు ఇంకా ఉన్నట్టు. అలాగే ఆరబెడితే కింద వేసిన కాగితానికి మళ్ళీ అతుక్కుంటుంది. తడి స్టాంపు బలం లేనిది కనుక ఒక మూల పట్టుకుని ఎత్తకుండా, కంసాలి శ్రావణం వంటిదే అయినా కొన మొనదేలకుండా చదునుగా ఉండే స్టాంపు ట్వీజర్లతో కింద ఆనించి ఎత్తు. బొమ్మ కిందికి, వెనుక భాగం పైకి ఉండేలా తెల్లని బ్లాటింగ్ పేపరు మీద పరిచి నీడలో ఆరనివ్వు. వార్తాపత్రిక వాడితే దాని సిరా ఎక్కుతుంది. ఎండలో పెడితే రంగు వెలుస్తుంది, స్టాంపు చుట్ట చుట్టుకుంటుంది. తడి పోయాక కొత్త బ్లాటింగ్ పేపర్ల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకం ఉంచి ఒక రోజు వదిలేయి. ఈ శ్రావణ భాద్రపదాల తేమలో ఒక రోజు చాలదు. పేపర్లు మార్చి మరో రోజు ఉంచాలి.

పెట్టెలో వాడని స్టాంపులు ఒకదానికొకటి అతుక్కుని ఒక బొత్తిగా ఉన్నాయన్నావు. వాటిని నీళ్ళలో వేయవద్దు, ఎందుకంటే వాడని స్టాంపుకు వెనుక జిగురే సగం విలువ. 1986 ఆగస్టు వరదల్లో మా ఇంట్లోకి నీళ్ళు వచ్చి నా ఆల్బం తడిసినప్పుడు, తొందరపడి సగం తడిలోనే ఒక్కొక్కటి ఒలిచాను. 1948 గాంధీ స్టాంపుల్లో మూడు నా చేతిలోనే చిరిగాయి. ఆ తరువాత నేర్చుకున్న పద్ధతి ఇది: మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా అడుగున తడిపి పిండిన స్పాంజి పెట్టి, దానికి తగలకుండా ఎత్తులో ఒక జల్లెడ ముక్క అమర్చి, దాని మీద స్టాంపులు ఉంచాలి. మూతకు పట్టే నీటి బొట్లు స్టాంపుల మీద రాలకుండా మూత లోపల బ్లాటింగ్ పేపరు అంటించాలి. రెండేసి గంటలకు ఒకసారి తెరిచి చూస్తూ, అంచు దానంతట అది విడిపడినప్పుడు మాత్రమే వేరు చేయాలి. జిగురు కొంత మెరుపు కోల్పోవచ్చు, కానీ నీళ్ళలో పోయినట్టు పూర్తిగా పోదు. విడదీసినవాటిని జిగురు వైపు పైకి ఉంచి ఆరబెట్టు. పాత హింజు ముక్క, అంటే స్టాంపును ఆల్బంలో అతికించడానికి వాడే చిన్న జిగురు కాగితం, అంటుకుని ఉన్నచోట దానినొక్కదానినే తడి కుంచెతో అద్ది, మెత్తబడేదాకా ఆగు. రాకపోతే అలాగే ఉండనివ్వు.

ఆరిన స్టాంపులను గ్లాసిన్ అనే నున్నని పలుచని కాగితపు కవర్లలో వేసి, తేమను పీల్చే సిలికాజెల్ పొట్లాలు రెండు పెట్టిన డబ్బాలో దాచు. రేకు పెట్టెలోకి మళ్ళీ చేర్చవద్దు. తేమలాగే తుప్పు మరక కూడా కాగితానికి చెడ్డది. సంక్రాంతికి మీ అమ్మతో వచ్చేటప్పుడు యానాం కవరును, ఆ అతుక్కున్న బొత్తిని రెండు అట్టల మధ్య పెట్టి తీసుకురా. అప్పటికి గాలిలో తేమ తగ్గి ఉంటుంది. బొత్తిని ఇక్కడ ఇద్దరం కలిసి విడదీద్దాం.

ఆశీస్సులతో,
మీ మామయ్య