బీచ్ హోటల్ కోసం లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: శ్రీకాకుళంలో ప్రైవేటు జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని. జీతం 42,000. ఇంటి ఖర్చు 31,000, బండి ఈఎంఐ 3,800. బ్యాంకులో 18,000 ఉంది. వేసవిలో ఒక్కోసారి రెండు నెలల జీతం ఆగిపోతుంది. అమ్మానాన్నలు ఉద్దానంలో జీడితోట మీద బతుకుతున్నారు. డిసెంబరు మొదటి వారంలో మా పదో పెళ్లిరోజు. విశాఖలో బీచ్ దగ్గర ఒక బొటిక్ హోటల్లో మూడు రాత్రులు ఉండాలని మా ఆవిడ కోరిక. గది రోజుకు 7,800, అన్నీ కలిపి 45,000 అవుతుంది. ఒక యాప్ 28 శాతం వడ్డీకి 12 నెలల లోన్ ఇస్తానంటోంది. ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం. ఈఎంఐ ఎలాగూ కట్టగలను కాబట్టి తీసుకోమంటారా?

జవాబు: వద్దండీ. నెలకు 7,200 మిగులుతోంది, ఈఎంఐ అంతకంటే తక్కువే, కాబట్టి ఫర్వాలేదు అనుకుంటున్నారు. చాలామంది బోల్తా పడేది సరిగ్గా ఇక్కడే. అందుకే మీ లెక్క పూర్తిగా వేసి చూపిస్తున్నాను.

28 శాతం మీద 45,000కి వాయిదా నెలకు సుమారు 4,343. ఫీజు 1,350, దాని మీద జీఎస్టీ 243 ముందే కోసుకుంటారు. చేతికొచ్చేది 43,407, ఏడాదిలో కట్టేది 52,116. అంటే మూడు రాత్రుల కోసం అదనంగా 8,709.

అసలు చిక్కు వడ్డీ కాదు, వేసవి. వాయిదా పోగా మీకు నెలకు మిగిలేది 2,857. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా దాస్తే 14,285. ఇప్పుడున్న 18,000 కలిపితే 32,285. మే, జూన్ జీతాలు ఆగితే ఇంటి ఖర్చుకు, బండికి 69,600 కావాలి, ఈ లోన్ వాయిదాలు మరో 8,686. మొత్తం 78,286. దాదాపు 46,000 తక్కువ పడుతుంది. చూశారుగా, హోటల్ కోసం చేసిన అప్పంత మరో అప్పు వేసవిలో చేయాలి, అదీ జీతం రాని నెలలో! అప్పుడు వచ్చే లోన్ 28 శాతానికి రాకపోవచ్చు, వడ్డీ ఇంకా ఎక్కువే పడొచ్చు.

పైగా మీవాళ్లు ఉద్దానంలో ఉన్నారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు అక్కడి కొబ్బరి, జీడి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. కొత్త మొక్క నాటితే కాపు చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. అలాంటప్పుడు పరిహారం అందేలోపు ఇంటిని నడపాల్సింది ఊరి బయట ఉద్యోగం చేస్తున్న పిల్లలే. మీ ఇంట్లో ఆ స్థానంలో ఉన్నది మీరు. మీ దగ్గర 18,000 మాత్రమే ఉండటం నన్ను హోటల్ కంటే ఎక్కువ కంగారు పెడుతోంది.

మీకు కనీసం మూడు నెలల ఖర్చు, అంటే 1,04,400 అత్యవసర నిధిగా ఉండి తీరాలి. దాన్ని జీతం పడే ఖాతాలో ఉంచకండి. వేరే బ్యాంకులో ఖాతా తెరిచి, దాన్ని ఫోన్‌పే, గూగుల్‌పేలకు లింక్ చేయకుండా వదిలేయండి. జీతం పడిన మర్నాడే 7,200 అటు వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. 25,000 పోగైనప్పుడల్లా ఒక ఎఫ్‌డీ చేయండి. లక్షకు ఒకటే చేస్తే పదివేల అవసరానికి మొత్తం విరగ్గొట్టాల్సి వస్తుంది. నాలుగుంటే ఒకటి విరగ్గొడితే చాలు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఇలా చేస్తే, ఇప్పుడున్న 18,000తో కలిపి 46,800 అవుతుంది. వేసవిలో మొదటి నెల గడిచిపోతుంది, రెండో నెలకు 22,800 తగ్గుతుంది. ఏప్రిల్లో ఇంటర్ స్పాట్ వాల్యుయేషన్ (జవాబు పత్రాలు దిద్దడం) డబ్బు వస్తే ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకుండా ఇందులోనే వేయండి.

పెళ్లిరోజు మానుకోమని అనడం లేదు. డిసెంబరు మిగులు 7,200తో ఒక్క రాత్రి వెళ్లి రండి. శని, ఆదివారాలు కాకుండా మధ్య రోజుల్లో 4,000 లోపు గది వెతకండి, పన్నుతో 4,200. మిగతా 3,000 బస్సుకి, భోజనాలకి. ఆ 18,000 జోలికి మాత్రం వెళ్లొద్దు.

గది ఎంచుకునేటప్పుడు ఒకటి గమనించండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. మీరు చూసిన 7,800 గది మూడు రాత్రులకు పన్నుతో 27,612 అవుతుంది. 7,400 గది అయితే 23,310. గది అద్దెలో తేడా రోజుకు 400, బిల్లులో తేడా 4,302! నిధి నిండాక మూడు రాత్రులు వెళ్లేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. ‘బీచ్ దగ్గర’ అని రాసిన చోటల్లా కిటికీలోంచి సముద్రం కనపడదు. ఏ అంతస్తు, ఏ వైపు గది అన్నది ఫోన్ చేసి అడిగి, వాట్సాప్‌లో రాయించుకోండి. బంగాళాఖాతంలో డిసెంబరులో కూడా తుఫాన్లు వస్తాయి కాబట్టి, వంద రెండొందలు ఎక్కువైనా డబ్బు వాపసిచ్చే బుకింగే తీసుకోండి. పొద్దున్నే బస్సెక్కితే చెక్-ఇన్ టైముకు చాలా ముందే దిగుతారు. ముందుగా గది అడిగితే విడిగా డబ్బు తీసుకునే హోటళ్లున్నాయి. సామాను రిసెప్షన్‌లో పెట్టి బీచ్‌కి వెళ్లిపోండి.

బంగారం తాకట్టు, కార్డు ఈఎంఐ, చీటీ ముందే పాడుకోవడం: వీటిలో వడ్డీ కాస్త తగ్గొచ్చు గానీ వేసవి లోటు అలాగే ఉంటుంది. ఆరోగ్య బీమా సంగతి మీరు రాయలేదు. లేకపోతే నిధితో పాటే మొదలుపెట్టండి.

ఇది చదివేలోపే యాప్‌లో ‘అంగీకరిస్తున్నాను’ నొక్కేసి ఉంటే, కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (లోన్ షరతులు రాసి ఉండే పత్రం) తెరిచి, కూలింగ్-ఆఫ్ గడువు, అంటే లోన్ వద్దనుకుని వెనక్కి ఇచ్చేయడానికి ఇచ్చే గడువు, ఎంతో చూడండి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం అది కనీసం ఒక రోజు ఉండాలి. ఆలోపు అసలు, వాడుకున్న రోజుల వడ్డీ కట్టేస్తే జరిమానా ఉండదు. ప్రాసెసింగ్ ఫీజు మాత్రం పోవచ్చు. పోనివ్వండి, ఆ రోజే కట్టేసి, లోన్ ముగిసినట్టు లెటర్ డౌన్‌లోడ్ చేసుకోండి.