కెమారో కొనే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

1969 నాటి షెవ్రొలే కెమారో అనే అమెరికన్ కారు కొనాలని ఉందనీ, దానిలో జెడ్/28, ఎస్ఎస్ 396 అనే రెండు రకాల్లో ఏది తీసుకోవాలో తేలడం లేదనీ రాశావు. పైకి ఒకే తీరుగా కనిపించినా ఆ రెండింటి స్వభావాలు వేరు కాబట్టి, బండిని ఎలా నడపబోతున్నావో ముందుగా తేల్చుకో.

జెడ్/28 పుట్టిందే పందేల కోసం. ట్రాన్స్-యామ్ అనే అమెరికా కారు పందేల్లో ఇంజన్ పరిమాణం 305 ఘనపుటంగుళాలు మించకూడదన్న నిబంధనకు లోబడి, 4 అంగుళాల బోరుకు (సిలిండర్ వెడల్పుకు) 3 అంగుళాల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) జతచేసి 302 ఘనపుటంగుళాల ఇంజన్‌ను తయారుచేశారు. రేసు డ్రైవరు మార్క్ డోనహ్యూ ఆ పోటీల్లో 1968, 1969లలో గెలుపు మీద గెలుపు సాధించింది ఈ రకం కెమారోలతోనే. కంపెనీ కాగితాల్లో దాని శక్తి 290 హార్స్‌పవరే అయినా, ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) బాగా పెరిగాక ఆ ఇంజన్ చూపే ఊపు ఆ అంకెను మించే ఉంటుంది. అయితే నెమ్మదిగా కదిలే ట్రాఫిక్‌లో అది డీలాగా ఉంటుంది. నాలుగు గేర్ల మాన్యువల్ తప్ప ఆటోమేటిక్ లేదు, ఏసీ అసలే లేదు. వాల్వులను ఎత్తే లిఫ్టర్లు తమంతట తాము సర్దుకోని సాలిడ్ రకం కాబట్టి వాల్వుల సందును అప్పుడప్పుడూ సరిచేయిస్తూ ఉండాలి.

ఎస్ఎస్ 396 అలా కాదు. 396 ఘనపుటంగుళాల పెద్ద ఇంజన్ కావడం వల్ల తక్కువ ఆర్‌పీఎంలోనే బలంగా లాగుతుంది, ఆటోమేటిక్‌తోనూ దొరుకుతుంది. 325 నుంచి 375 హార్స్‌పవర్ దాకా రకాలున్నాయి. ముందు భాగం బరువెక్కువ కాబట్టి మలుపుల్లో జెడ్/28 అంత చురుగ్గా తిరగదు. కుటుంబంతో హాయిగా షికారు వెళ్లాలనుకునేవాడికి నేను ఎస్ఎస్‌నే చెబుతాను.

జెడ్/28కే మనసు పడితే మాత్రం చారలూ బ్యాడ్జీలూ చూసి నమ్మవద్దు, ఎందుకంటే వాటిని ఎవరైనా అంటించగలరు, పైగా ఆ ఏటి వీఐఎన్ (బండి గుర్తింపు) నంబరు అది వీ8 (ఎనిమిది సిలిండర్ల) బండి అని మాత్రమే చెబుతుంది. ఇంజన్ బ్లాకుకు ముందు వైపు, బండిలో కూర్చున్నవాడికి కుడి పక్కన ఉండే సిలిండర్ హెడ్‌కు ఆనుకొని ఉన్న చదును జాగాలో జిడ్డును గుడ్డతో తుడిచి, టార్చి వేసి చూడు. అక్కడ కొట్టిన అక్షరాల చివర డీజెడ్ అని ఉండాలి, ఆ లోహం మీద యంత్రం కోసిన సన్నని గీతలు కూడా చెరగకుండా ఉండాలి. గీతలు లేకుండా నున్నగా ఉంటే అరగదీసి మళ్లీ కొట్టారని అనుమానించు. వీఐఎన్‌లోని కొన్ని అంకెలు కూడా అక్కడే గానీ, ఆయిల్ ఫిల్టర్ దగ్గర గానీ ఉంటాయి; బండి నంబరుతో సరిపోల్చుకో. ఒహాయోలోని నార్వుడ్ ఫ్యాక్టరీలో 1968 డిసెంబరు తరువాత తయారైన బండైతే, ట్రిమ్ ట్యాగు (ఫ్యాక్టరీ వివరాలు కొట్టిన చిన్న రేకు) మీద జెడ్/28కు గుర్తుగా ఎక్స్33 లేదా ఎక్స్77 అని చూడవచ్చు. కాలిఫోర్నియాలోని వాన్ నైస్ ఫ్యాక్టరీ ఈ కోడ్‌లు వేయలేదు గనుక, అక్కడి బండికి మొదటి యజమాని నాటి కాగితాలే ఆధారం.

తుప్పు సంగతికొస్తే డిక్కీ కింది రేకును, వెనుక అద్దం చుట్టూ ఉన్న భాగాన్ని తప్పక తడిమి చూడు. అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ ట్యాగు, ఇంజన్ ముద్రల ఫొటోలు నాకు పంపించు.

ఇట్లు,
మామయ్య