బెడ్ల లెక్క సరే మాస్టారూ, బెడ్ పక్కన పిల్లలున్నారా?

నరసన్నపేట వైపు నుంచి ఒక స్కూల్ మాస్టారు అడిగారు. వాళ్ళమ్మాయికి నీట్‌లో మార్కులు బాగానే వచ్చాయి, కన్వీనర్ కోటాలో శ్రీకాకుళంలోని గవర్నమెంట్ మెడికల్ కాలేజీ రిమ్స్ వస్తాదో రాదో అన్నట్టుంది, విజయనగరం కొత్త గవర్నమెంట్ కాలేజీకి చాన్స్ ఎక్కువ, ఒక ప్రైవేట్ కాలేజీ కూడా లిస్టులో ఉంది. "నేను లెక్కల మాస్టార్ని, డాక్టర్ చదువు గురించి నాకేటి తెలుసండీ, పని ఎక్కడ బాగా నేర్పుతారో మాలాంటోళ్ళం ఎలా కనుక్కోవాలి" అని ఆయన బాధ.

మాస్టారూ, 1910లో అమెరికా, కెనడాల్లో ఉన్న 155 మెడికల్ కాలేజీల మీద అబ్రహం ఫ్లెక్స్‌నర్ అనే ఆయన రిపోర్ట్ రాశాడు, ఆ తర్వాత అక్కడ చాలా కాలేజీలు మూతపడ్డాయి. ఆయన డాక్టర్ కాదండీ, మీలాగే బడిపంతులు. కాలేజీలకి స్వయంగా వెళ్ళి, ల్యాబుల తలుపులు తీయించి చూసుకున్నాడు, అంతే. కాబట్టి నాకేటి తెలుసు అనుకోకండి.

బ్రోచర్లో బెడ్ల సంఖ్య చూపిస్తారు. 150 సీట్ల కాలేజీకి 605 బెడ్లు ఉండాలని, అందులో 80 శాతం నిండి ఉండాలని, మెడికల్ కాలేజీలని చూసుకునే జాతీయ సంస్థ ఎన్‌ఎంసీ 2023లో పెట్టిన రూలు. అది ఉండాల్సిందే, కానీ బెడ్ మీద పేషెంటు ఉన్నంత మాత్రాన పక్కన నిలబడ్డ పిల్లకి పని వచ్చేయదు కదా. మీ లెక్కల భాషలో చెప్తాను. ఒక కుర్రాడికి సూత్రం తెలుసు, ఎక్కడ వాడాలో తెలుసు, బోర్డు మీద చేసి చూపిస్తాడు, సంతలో కొట్టు దగ్గర తప్పు లేకుండా చేస్తాడు. డాక్టర్ చదువుకి కూడా జార్జ్ మిల్లర్ అనే అమెరికా వైద్య విద్య నిపుణుడు 1990లో సరిగ్గా ఇలాంటి నాలుగు మెట్లే చెప్పాడు. థియరీ పరీక్షలు కింది రెండు మెట్లనే కొలుస్తాయి, పై రెండూ కొలవాలంటే పిల్ల పేషెంటుని చూస్తున్నప్పుడు ఒక సీనియర్ పక్కనే ఉండి కళ్ళారా చూసి, ఇది తప్పమ్మా ఇలా చెయ్యి అని అక్కడికక్కడే చెప్పాలి. మీరు కనుక్కోవాల్సింది ఆ సీనియర్ ఉన్నాడా లేడా అన్నదే.

మా మేనల్లుడి సంగతి చెప్తాను, కాలేజీ పేరు వద్దులెండి, ఏసీ క్లాసురూములు అవీ బ్రహ్మాండంగా ఉండేవి. ఫైనలియర్ అయ్యేదాకా వాడు ఒక్క కాన్యులా, అదే సెలైన్ ఎక్కించడానికి నరంలోకి గుచ్చే సన్న గొట్టం, పెట్టలేదు. ఇంటర్న్‌షిప్ మొదటి నైట్ డ్యూటీలో ఒక ముసలమ్మకి మూడుసార్లు గుచ్చినా నరం దొరకలేదంట, ఆమె "పోన్లే బాబూ నేర్చుకో" అందంట, వీడికి ఏడుపొక్కటే తక్కువ. చివరికి స్టాఫ్ నర్సు వచ్చి, చేతికి టోర్నికెట్ పట్టీ బిగించి కట్టి, గుప్పిట బిగించమని, "కళ్ళతో ఎతక్కు, వేలితో తడుము" అని చూపించింది. నాలుగున్నరేళ్ళ చదువులో ఎవరూ చెప్పని మాట.

అంచేత ఒక సోమవారం సెలవు పెట్టండి, ఆదివారం పోతే ఓపీ ఉండదు. పొద్దున్న తొమ్మిదికల్లా ఓపీ చీటీల కౌంటర్ దగ్గర నిలబడి లైను చూడండి, తర్వాత మెడిసిన్ వార్డు వైపు వెళ్ళండి. బెడ్ చుట్టూ అయిదారుగురు పిల్లలుండి ఒకరు కేసు చెప్తుంటే సారు మధ్యలో ఆపి అడుగుతున్నారా, పాతిక మంది గుంపుగా నిలబడి వెనకోళ్ళు ఫోన్ చూసుకుంటున్నారా అన్నది గుమ్మంలోంచే తెలిసిపోతుంది. క్యాంటీన్లో ఒక ఫైనలియర్ కుర్రాడికి టీ ఇప్పించి లాగ్‌బుక్ చూపించమనండి. 2019లో వచ్చిన కొత్త సిలబస్‌లో పిల్లలు ఏ పని ఎప్పుడు చేశారో అందులో సంతకం పెట్టించుకోవాలి. సంతకాలన్నీ ఒకే పెన్నుతో, ఒకే తేదీతో ఉన్నాయంటే పరీక్ష ముందు రోజు రాత్రి కూర్చుని పెట్టించినవే. జవాబు పేపర్లు దిద్దే మీకు ఇది నేను చెప్పాలా!

కేసుల విషయంలో మన జిల్లాలకి లోటు లేదు. రిమ్స్ 2008 నుంచి నడుస్తోంది, ఉద్దానం కిడ్నీ పేషెంట్లు, సీతంపేట ఏజెన్సీ జ్వరాలు, ఊడుపుల టైములో పాము కాట్లు, ఇవన్నీ మన వైపు పిల్లలు చూడగలరు. విజయనగరం కాలేజీ మొదటి బ్యాచ్ 2023లో చేరింది, అంటే చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ కలిపి ఆ బ్యాచ్ బయటకొచ్చేసరికి 2029 అవుతుంది, అప్పటిదాకా అక్కడ చదివిన డాక్టర్ ఎలా ఉంటాడో చూపించడానికి ఎవరూ ఉండరు. అలా అని తీసెయ్యకండి, ఘోష ఆసుపత్రిలాంటి పాత కాన్పుల ఆసుపత్రి ఉన్న ఊరది, అక్కడ ఒక్కో డిపార్ట్‌మెంట్లో రోజూ వచ్చే ప్రొఫెసర్లు ఎంతమందో మాత్రం అడగండి.

నా మటుకు నేనైతే వెబ్ ఆప్షన్లలో రిమ్స్, తర్వాత విజయనగరం పెడతాను. ప్రైవేట్ కాలేజీని మీరు సోమవారం చూసొచ్చాక పైకి జరపాలో కిందకి జరపాలో చూడండి. వెళ్ళేటప్పుడు అమ్మాయిని కూడా తీసుకెళ్ళండి, క్యాజువాలిటీలో రక్తం చూసి కళ్ళు తిరిగితే కంగారు పడకండి, మా వాడికీ తిరిగాయి.