విద్యార్థి నేర్చుకోవడాన్ని మోడల్ చేయాలంటే నేరుగా డీప్ లెర్నింగ్‌తో మొదలుపెట్టొచ్చా?

లెక్కలు నేర్పే ట్యూటరింగ్ సిస్టమ్ నుంచి కొన్ని నెలల లాగ్ డేటా (విద్యార్థులు ఏం నొక్కారు, ఏం రాశారు అన్న రికార్డు) ఉందని, నేరుగా ఎల్‌ఎస్‌టీఎంతో (వరుసగా వచ్చే డేటాని గుర్తుపెట్టుకుని తర్వాతిది ఊహించే డీప్ లెర్నింగ్ మోడల్) మొదలుపెట్టాలా అని అడిగారు. ఏ విద్యార్థికి ఎప్పుడు ఏ లెక్క ఇవ్వాలో కూడా మోడలే నేర్చుకునేలా చేయొచ్చా అన్నది మీ రెండో ప్రశ్న. భిన్నాలు నేర్పే ఒక సిస్టమ్ మీద చిన్న టీమ్‌తో పనిచేశాను. మీరు చేయబోయేదే మేమూ చేశాం, ఆరు నెలలు పోగొట్టుకున్నాం. కాబట్టి నా మాట, వద్దు. ముందు బేజియన్ నాలెడ్జ్ ట్రేసింగ్ పెట్టి చూడండి. ఒక్కో జవాబు చూసి, ఆ నైపుణ్యం విద్యార్థికి వచ్చి ఉండే అవకాశాన్ని సవరించుకుంటూ పోయే పద్ధతి అది.

1990ల మధ్యలో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో కార్బెట్, ఆండర్సన్ అనే పరిశోధకులు దీన్ని తెచ్చారు. ఒక్కో నైపుణ్యానికి నాలుగే సంఖ్యలు ఉంటాయి: మొదటే తెలిసి ఉండే అవకాశం, ఒక్కో లెక్కతో నేర్చుకునే అవకాశం, తెలియకపోయినా గాలివాటంగా కరెక్ట్ అయ్యే అవకాశం, తెలిసీ పొరపాటు చేసే అవకాశం. వరుసగా 0.4, 0.2, 0.2, 0.1 అనుకోండి. విద్యార్థి ఒక లెక్క కరెక్ట్‌గా చేస్తే, తెలిసి కరెక్ట్ అయ్యే అవకాశాన్ని (0.4 × 0.9 = 0.36) మొత్తం కరెక్ట్ అయ్యే అవకాశంతో (0.36 + 0.6 × 0.2 = 0.48) భాగించాలి, 0.75 వస్తుంది. దానికి నేర్చుకునే అవకాశం (మిగిలిన 0.25లో 0.2 వంతు) కలిపితే 0.80. ఇంకో లెక్క కరెక్ట్ అయితే 0.958. నైపుణ్యం వచ్చేసిందని చెప్పడానికి కార్బెట్ వాళ్లు పెట్టిన హద్దు 0.95. అంటే రెండు లెక్కలతోనే ఆ పిల్లవాడికి విషయం వచ్చేసినట్టు! కాగితం మీద ఈ లెక్క వేసుకున్న రోజే నాకు కాస్త అనుమానం వచ్చింది.

ఆ అనుమానం నిజమే అయింది. హారాలు వేరుగా ఉన్న భిన్నాల కూడిక చాలామందికి వచ్చేసిందని మా సిస్టమ్ చెప్పేది, కాగితం మీద పరీక్ష పెడితే వాళ్లే తేలిపోయేవారు. మోడల్‌ని వారాల తరబడి సరిదిద్దాం, ఏం మారలేదు. చివరికి ఒక రోజు క్లాసులో వెనక కూర్చుని చూశాను. ఒక అబ్బాయి హింట్ బటన్‌ని టకటకా మూడుసార్లు నొక్కాడు. మూడో హింట్‌లో జవాబే ఉంటుంది. దాన్ని చూసి టైప్ చేశాడు, మా లాగ్‌లో అది 'కరెక్ట్' అని పడింది. తప్పు వాడిది కాదు, మాదే. ర్యాన్ బేకర్ అనే పరిశోధకుడి బృందం 2004లోనే ఇలాంటి పనికి 'గేమింగ్ ద సిస్టమ్' (నేర్చుకోకుండా సిస్టమ్‌ని బోల్తా కొట్టించడం) అని పేరు పెట్టి పరిశోధన చేసింది, మేమే చూసుకోలేదు. హింట్ తీసుకున్న స్టెప్‌ని కరెక్ట్‌గా లెక్కించడం మానేసి, మొదటి ప్రయత్నాన్నే తీసుకున్నాక అదే పాత మోడల్ దారికి వచ్చింది.

ఇక ఎల్‌ఎస్‌టీఎం. 2015లో స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్ పీచ్ బృందం ఇదే పనిని ఎల్‌ఎస్‌టీఎం లాంటి నెట్‌వర్క్‌లతో చేసే డీప్ నాలెడ్జ్ ట్రేసింగ్ తెచ్చినప్పుడు ఫలితాలు చూసి అందరం ఎగిరి గంతేశాం. మరుసటి ఏడాదే వేరే పరిశోధకులు దాన్ని తరచి చూశారు. అందులో వాడిన ఎసిస్ట్‌మెంట్స్ (లెక్కలు నేర్పే ఒక ఆన్‌లైన్ సిస్టమ్) డేటాలో డూప్లికేట్ రికార్డులు ఉన్నాయని తేలింది. పాత పద్ధతికే మరపు, విద్యార్థుల మధ్య తేడాలు లాంటివి కలిపితే దాదాపు సమానంగా వస్తోందనీ తేలింది. మేము కూడా ఎల్‌ఎస్‌టీఎం పెట్టాం. తర్వాతి జవాబుని కాస్త మెరుగ్గానే ఊహించింది. కానీ "ఈ అమ్మాయికి ఏం రాదంటోంది?" అని టీచర్ అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇంకో మాట, మోడల్‌ని పరీక్షించడానికి పక్కనపెట్టే టెస్ట్ డేటాని వరుసల వారీగా కాకుండా విద్యార్థుల వారీగా విడదీయండి. ఒకే పిల్లవాడి జవాబులు మోడల్ నేర్చుకునే డేటాలోనూ, టెస్ట్ డేటాలోనూ పడితే స్కోరు ఉత్తుత్తిగా పెరుగుతుంది.

ఏ లెక్క ఇవ్వాలో మోడల్‌కే అప్పగించడం ఇంకా చిక్కు. హింట్లు చూస్తే నేర్చుకోవడం తగ్గుతుందని మా డేటా తేల్చింది! హింట్ అడిగేది రానివాళ్లే కదా. మందు వేసుకున్న వాళ్లందరికీ జ్వరం ఉంది కాబట్టి మందు వల్లే జ్వరం వచ్చిందన్నట్టు. పైగా కష్టమైన లెక్కలు బాగా చేసేవాళ్లకే ఇచ్చాం, మిగతావాళ్లకి ఇస్తే ఏమయ్యేదో ఆ లాగ్‌లో లేనే లేదు. చివరికి కొద్దిమందికి రెండు రకాల హింట్లలో ఒకటి యాదృచ్ఛికంగా ఇచ్చి పోల్చాం. అప్పుడు గానీ ఏ హింట్ పనిచేస్తోందో తెలియలేదు.

ఏ లెక్క ఏ నైపుణ్యం కిందికి వస్తుందన్న పట్టిక కూడా చూసుకోండి. మేము 'భిన్నాల కూడిక' అని ఒకటే పెట్టాం. క.సా.గు. కనుక్కోవడాన్ని విడిగా తీశాకే తప్పులు ఎక్కడ పడుతున్నాయో కనిపించింది.

ముందు మీ లాగ్ తెరిచి, ప్రతి హింట్ నొక్కిన సమయం, మొదటి ప్రయత్నంలో ఏం రాశారన్నది విడిగా ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఈ రోజే చేర్చండి, పాత డేటాకి వాటిని తర్వాత కలపలేరు.