వెబ్ డెస్క్‌లో చేరబోతున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ మెయిల్ అందింది. పత్రికలో ఉద్యోగం వచ్చిందని చదివి సంబరపడేలోపే కింద ఇంకో లైను కనిపించింది: "పదేళ్ల తర్వాత ఈ పత్రిక ఉంటుందా సార్?" ఉంటుందని నేను పూచీ ఇవ్వలేను. నీకు ఆఫర్ లెటర్ ఇచ్చినవాళ్లూ ఇవ్వలేరు. దాని గురించి నిద్ర పాడుచేసుకునే బదులు ఇంకోటి అడిగి తెలుసుకో. నువ్వు రాసే వాక్యానికి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోంది? డెస్కులో ఏళ్ల తరబడి కూర్చుని కూడా నేను ఈ మాట చాలా ఆలస్యంగా అడిగాను. రాసేవాళ్లం కదా, డబ్బు లెక్కలు మనకెందుకు అనుకునేవాళ్లం.

చందా కట్టే పాఠకుడే పేపరును పోషిస్తున్నాడని చాలాకాలం నమ్మాను. చాలాచోట్ల ఆ బరువులో పెద్ద వంతు మోసింది ప్రకటనలు. ఫుల్ పేజీ యాడ్లే కాదు, అద్దె ఇల్లు, పాత కారు, ఉద్యోగ ఖాళీలు అంటూ రెండు మూడు లైన్లలో వచ్చే క్లాసిఫైడ్స్ కూడా. పేజీలో వార్త పట్టకపోతే "ఆ క్లాసిఫైడ్స్ కాస్త కోయొచ్చుగా" అని విసుక్కునేవాళ్లం. మన జీతాన్నే కొయ్యమంటున్నామని తెలియలేదు. 1995లో శాన్‌ఫ్రాన్సిస్కోలో క్రెయిగ్ న్యూమార్క్ స్నేహితులకు పంపే ఈమెయిళ్లతో మొదలుపెట్టిన క్రెయిగ్స్‌లిస్ట్ తర్వాత సైటుగా మారి, ఆ చిన్న ప్రకటనల్లో చాలావాటిని ఉచితంగానే వేసింది. మిగిలిన యాడ్లలో చాలా భాగం గూగుల్, ఫేస్‌బుక్ పట్టుకుపోయాయి. అమెరికా పత్రికల ప్రకటనల ఆదాయం 2005లో సుమారు 4,900 కోట్ల డాలర్లు ఉంటే, 2020కి 900 కోట్ల లోపుకు పడిపోయిందని అక్కడి పరిశోధన సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ అంచనా. అక్కడ పాఠకుల డబ్బు ప్రకటనల డబ్బును మొదటిసారి దాటిందీ ఆ 2020లోనే. పాఠకులు ఒక్కసారిగా ఎక్కువ కట్టేశారని కాదు, ప్రకటనలు అంతగా పడిపోయాయి.

ఆస్ట్రియాలో వియన్నా నుంచి వచ్చే వీనర్ జైటుంగ్ పత్రిక సంగతి చూడు. 1703లో పుట్టింది. నాజీల కాలంలో మూతపడి మళ్లీ లేచింది. 2023 జూన్ 30న రోజువారీ అచ్చు ఆపేసి ఆన్‌లైన్‌కు మారింది. కంపెనీలు తమ అధికారిక నోటీసులను డబ్బు కట్టి ఆ పత్రికలోనే వేయాలన్న నిబంధనను ప్రభుత్వం ఎత్తేసింది, దాంతో ప్రధాన ఆదాయం పోయింది. పాఠకులు వద్దనలేదు, విలేకరులు చెడ్డగా రాయలేదు. అమెరికాలో డెన్వర్‌లోని రాకీ మౌంటెన్ న్యూస్ పత్రిక అయితే 150 ఏళ్లు నిండటానికి రెండు నెలల ముందు, 2009 ఫిబ్రవరి 27న ఆఖరి సంచిక వేసి తలుపులు మూసేసింది.

కాగితం వదిలేసి బతికినవాళ్లూ ఉన్నారు. కెనడాలో మాంట్రియల్‌లోని లా ప్రెస్ పత్రిక 2016 నుంచి మామూలు రోజుల్లో అచ్చు మానేసింది, తర్వాత శనివారం సంచికనూ ఆపింది. 2018లో లాభాపేక్ష లేని ట్రస్టు కిందికి వెళ్లి, పాఠకుల్ని విరాళాలు అడగడం మొదలుపెట్టింది. న్యూయార్క్ టైమ్స్ 2011లో పేవాల్, అంటే చందా కడితేనే చదవనిచ్చే అడ్డుగోడ, పెట్టినప్పుడు, ఇంటర్నెట్‌లో వార్తకు డబ్బులెవరిస్తారని నవ్వినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇచ్చారు. ఇప్పుడు ఆ చందాల్లో వార్తలతో పాటు వంటలూ, పద ఆటలూ ఉన్నాయి. వర్డల్ అనే పద ఆటను 2022లో కొన్నారు. ఆటకోసం వచ్చినవాడి డబ్బుతో యుద్ధ వార్త రాసే విలేకరికి జీతం ఇవ్వడం చిన్నతనమని కొందరు మిత్రులంటారు. నాకలా అనిపించదు. ఒకప్పుడు పాత కారు ప్రకటన చేసిన పని అదేగా!

మధ్యలో జరిగిన మోసం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. నువ్వు కూర్చోబోయేది సరిగ్గా దాని మీదే. పాఠకులంతా ఫేస్‌బుక్‌లోనే ఉన్నారని పత్రికలన్నీ అక్కడికి పరిగెత్తాయి. వీడియోలు చేయమంటే వీడియోలు చేశాయి. అందుకోసం రాసేవాళ్లను తీసేసిన సంస్థలూ ఉన్నాయి. జనం వీడియో చూసే సగటు సమయాన్ని ఎక్కువ చేసి చూపించామని 2016లో ఫేస్‌బుక్కే ఒప్పుకుంది. 2018 జనవరిలో ఫీడ్, అంటే మనకు కనిపించే పోస్టుల వరుస, పద్ధతి మార్చి, స్నేహితుల పోస్టులకు పెద్దపీట వేసి పత్రికల పోస్టుల్ని వెనక్కి నెట్టింది. పత్రికల వార్తలకు ఇలాంటి సంస్థలు డబ్బు కట్టాలన్న చట్టం వచ్చేసరికి 2023 ఆగస్టులో కెనడాలో వార్తల లింకుల్నే ఆపేసింది. పరాయివాడి అరుగు మీద అంగడి పెడితే, వాడు ఎప్పుడు లెమ్మంటే అప్పుడు లేవాలి. ఇప్పుడు గూగుల్ వెతుకులాట పేజీలోనే ఏఐ జవాబు చెప్పేస్తోంది, మన లింకు దాని కిందెక్కడో ఉంటోంది. అరుగు మారింది, అంతే.

నీ డెస్కులో గోడకు ఒక పెద్ద స్క్రీన్ ఉంటుంది. ఏ వార్తను ఈ నిమిషంలో ఎంతమంది చదువుతున్నారో అంకెలు మారుతుంటాయి, పక్కన ఆకుపచ్చ బాణాలూ ఎర్ర బాణాలూ. నేను పన్నెండు రోజులు తిరిగి రాసిన కథనం పక్కన మొదటిరోజు 41 అని కనిపించింది. దాని పైనే ఒక నటి చెప్పుల ఫొటోకు వేలల్లో ఉన్నారు. ఆ మధ్యాహ్నం నా హెడ్డింగ్‌ను నాలుగుసార్లు మార్చారు. నాలుగోసారి హెడ్డింగ్‌లో ఉన్న విషయం నా కథనంలో లేదు. బాణం కాసేపు ఆకుపచ్చగా మారింది. నేను మాట్లాడకుండా ఊరుకున్నాను, ఇప్పటికీ అది గుర్తొస్తే సిగ్గేస్తుంది. నువ్వు ఊరుకోకు. గొడవ పెట్టుకోమని కాదు, "ఇది లోపల లేదు సార్" అని ఒక్క మాట అను చాలు. మోసపోయి క్లిక్ చేసినవాడు రేపు చందా కట్టడు. ఇప్పుడు జీతం ఆ చందాలోంచే రావాలి కాబట్టి ఇది నీతి కన్నా ముందు లెక్క. ఎంతమంది చూశారన్న అంకెతో పాటు, చందా కట్టినవాళ్లు కట్టే ముందు ఏం చదివారన్న అంకె కూడా చాలా సంస్థల దగ్గర ఉంటుంది. అది చూపించమని అడుగు.

ఇంకొకటి, తప్పుల సంగతి. అచ్చులో తప్పు పడితే మర్నాడు సవరణ వేసేవాళ్లం, తప్పూ సవరణా రెండూ కాగితం మీద ఉండిపోయేవి. వెబ్‌లో గుట్టుచప్పుడు కాకుండా దిద్దేయొచ్చు. అదే దాని ప్రమాదం. దిద్దినప్పుడు ఏం దిద్దావో, ఎన్నింటికి దిద్దావో కింద ఒక లైను రాయి, ఎవరూ అడక్కపోయినా సరే.

జీతాల గురించి అడిగావు. తక్కువే. అనువాదమో, డేటా పట్టికలు చదవడమో, పక్కన ఇంకో విద్య చేతిలో పెట్టుకో.

చివరగా నా గోడు. ఒక పత్రిక వెబ్‌సైట్‌కు ఏళ్ల పాటు వారం వారం కాలమ్ రాశాను. ఒకరోజు సైటుకు కొత్త రూపం ఇచ్చారు. పాత లింకు నొక్కితే పేజీ దొరకలేదని వచ్చింది, ఇంకోటి నొక్కినా అదే. ఫోన్ చేస్తే సర్వర్ మార్చామండీ, పాతవి రాలేదు అన్నారు, ఏదో కరెంటు పోయిందన్నట్టు. నా మొదటి వ్యాసం మాత్రం నోటుబుక్కులో అంటించిన కత్తిరింపుగా ఇంకా ఉంది, అంచులు పసుపెక్కి. అందుకని నువ్వు రాసిన ప్రతిదీ ఆ సాయంత్రమే నీ దగ్గర ఒక కాపీ దాచుకో. తేదీ వేసి, పేజీ ఫొటో తీసి, వీలైతే ప్రింటు కూడా.

నీ పేరుతో మొదటి వార్త, అదే మొదటి బైలైన్, రాగానే నాకు పంపు. లింకు కాదు, కాపీ.

ఆశీస్సులతో,
మీ సార్