క్రిస్మస్ పాటకు కౌబాయ్ టోపీ ఎలా వచ్చింది?

ప్రశ్న: పోయిన డిసెంబరులో డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి ఇంట్లో ఉండగా టీవీలో ఒక క్రిస్మస్ ప్రత్యేక కార్యక్రమం చూశాను. గాయకులందరూ వెడల్పు అంచుల టోపీలు, తోలు బూట్లు వేసుకున్నారు. వేదిక మీద గడ్డిమోపులు పేర్చి, పశువుల కొట్టంలాగా అలంకరించారు. వారు పాడినవాటిలో కొన్ని మాత్రం మేము చర్చిలో పాడుకునే క్రీస్తు జనన గీతాలే. మా తరానికి కౌబాయ్ అంటే కృష్ణగారు, గుర్రం, తుపాకి. ఆ కౌబాయ్‌కి క్రిస్మస్‌తో సంబంధం ఏమిటో వివరించగలరా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ సందేహం సబబైనదే. 1971లో వచ్చిన ‘మోసగాళ్లకు మోసగాడు’ మనకు చూపించిన కౌబాయ్ వేరు, మీరు డల్లాస్‌లో చూసిన కౌబాయ్ వేరు. మన సినిమా వెనుక ఉన్నది 1960లలో ఇటలీ దర్శకులు తీసిన తుపాకీ కథల ఒరవడి. అంతకు చాలా ముందే, 1930ల నుంచే, అమెరికా సినిమాలలో గిటారు పట్టుకుని పాటలు పాడే కౌబాయ్ ఒకడు ఇంటింటికీ ఆప్తుడై ఉన్నాడు. అలా పాడే కౌబాయ్‌లలో అందరికంటే పేరు పొందినవాడు జీన్ ఆట్రీ. 1907లో టెక్సాస్‌లోని టియోగా అనే చిన్న ఊరిలో పుట్టి, రైల్వేలో టెలిగ్రాఫ్ ఉద్యోగం చేసి, తరువాత రికార్డులకూ రేడియోకూ సినిమాలకూ ఎదిగిన మనిషి ఆయన.

1946లో హాలీవుడ్‌లో జరిగిన క్రిస్మస్ ఊరేగింపులో ఆట్రీ తన గుర్రం చాంపియన్ మీద వెళుతున్నారు. వెనుక బండిలో క్రిస్మస్ తాత వస్తున్నాడు. దారి పక్కన నిలబడిన పిల్లలు కౌబాయ్‌ని దాటి వెనక్కి చూస్తూ, ‘అదిగో, తాత వస్తున్నాడు’ అని కేకలు వేశారట. ఆ కేకలే పల్లవిగా, ఓక్లీ హాల్డెమన్‌తో కలిసి ఆయన రాసి పాడిన పాట 1947లో రికార్డుగా వచ్చింది. 1949లో ఆయన పాడిన ఎర్రముక్కు దుప్పి రూడాల్ఫ్ పాట వచ్చింది. క్రిస్మస్ తాత బండిని లాగే దుప్పి అది. ఆ దుప్పి కథను 1939లో మాంట్‌గోమరీ వార్డ్ అనే దుకాణ సంస్థ పిల్లలకు ఉచితంగా పంచడానికి తన ఉద్యోగి రాబర్ట్ మే చేత రాయించింది. దానిని జానీ మార్క్స్ పాటగా కట్టారు. ఆట్రీకి మొదట ఆ పాట అంతగా నచ్చలేదని, ఆయన భార్య ఐనా పట్టుబట్టడం వల్లనే పాడారని చెబుతారు. 1950 జనవరి మొదటి వారంలో అది అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అదే ఏడాది ఆయన పాడిన మంచుబొమ్మ పాట కూడా వచ్చింది. ఆ విధంగా మూడు నాలుగేళ్లలోనే అమెరికా పిల్లలకు క్రిస్మస్ అంటే వినిపించే గొంతు ఒక కౌబాయ్ గొంతు అయిపోయింది.

ఇక్కడ ఒక సంగతి విడమరచి చెప్పాలి. మీరు చూసినటువంటి కార్యక్రమాలలో వినిపించే అమెరికా పల్లె బాణీని కంట్రీ సంగీతం అంటారు. అది కౌబాయ్‌ల సొత్తు కాదు. దాని పునాది అమెరికా తూర్పు భాగంలోని అపలాచియన్ కొండ ప్రాంతాల రైతు కుటుంబాల పాటలలోనూ, చర్చి కీర్తనలలోనూ, ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చినవారు తెచ్చిన బాంజో అనే తీగ వాద్యంలోనూ ఉంది. పశువులు కాచేవారి టోపీ దానికి సినిమాల ద్వారా వచ్చి తగులుకుంది. అసలు కౌబాయ్‌లు 1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధం తరువాత టెక్సాస్ నుంచి పశువుల మందలను వందల మైళ్లు తోలుకుపోయి కాన్సస్ రైలు స్టేషన్లకు చేర్చిన కూలి మనుషులు. వారిలో సుమారు నాలుగోవంతు మంది నల్లజాతివారని చరిత్రకారుల అంచనా. మెక్సికో నుంచి వచ్చినవారు కూడా ఎందరో ఉండేవారు. తాడు విసిరి పశువును పట్టే విద్యను, ఆ తాడు పేరుతో సహా, స్పానిష్ మాట్లాడే కాపరుల నుంచే మిగిలినవారు నేర్చుకున్నారు. టీవీ వేదికల మీద వీరి ముఖాలు చాలా కాలం కనిపించకపోవడం నాకు పెద్ద లోటుగానే తోస్తుంది.

అయితే పాట మాత్రం కల్పితం కాదు. రాత్రిపూట మంద బెదరకుండా ఉండాలని కావలి కౌబాయ్‌లు గుర్రాల మీద చుట్టూ తిరుగుతూ మెల్లగా పాడేవారు. తెలిసిన పాటలు అయిపోతే చర్చి కీర్తనలనే నెమ్మదిగా సాగదీసేవారు. లూకా సువార్త రెండో అధ్యాయంలో రాత్రివేళ మందను కాచుకుంటున్న గొర్రెల కాపరులను తలచుకోండి. మీరు చూసిన ఆ పశువుల కొట్టం అలంకరణ నాకు అందుకే కృత్రిమంగా అనిపించదు.

ప్రశ్న: ఇటువంటి టీవీ కార్యక్రమాలలో మంచిది ఒకటి చెప్పమంటే దేనిని చెబుతారు?
– పాత పాటల అభిమాని, వరంగల్

జవాబు: సంకోచం లేకుండా జానీ క్యాష్ కార్యక్రమాలనే చెబుతాను. ఆర్కన్సాలో పత్తి చేలలో పనిచేస్తూ పెరిగిన ఈ గాయకుడు 1976 నుంచి 1979 వరకు ఏటా సీబీఎస్ టీవీలో క్రిస్మస్ ప్రత్యేక కార్యక్రమం నిర్వహించారు. భార్య జూన్ కార్టర్, ఆమె అక్కచెల్లెళ్లు, స్నేహితులైన గాయకులు అందరూ కలిసి, పండక్కి ఇంట్లో చేరిన బంధువుల్లాగా కబుర్లు చెప్పుకుంటూ పాడతారు. ఆయన వేసుకునేది ఎక్కువగా నల్ల దుస్తులే. కౌబాయ్ అట్టహాసం తక్కువ.

1977 కార్యక్రమంలో ఒక ఘట్టాన్ని తప్పక చూడండి. ఆ ఏడాది ఆగస్టు 16న రాక్ అండ్ రోల్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ చనిపోయారు. 1950లలో మెంఫిస్‌లోని సన్ రికార్డ్స్ అనే చిన్న సంస్థలో ఎల్విస్‌లాగే పాటలు రికార్డు చేసిన నలుగురు, అంటే క్యాష్, కార్ల్ పెర్కిన్స్, జెర్రీ లీ లూయిస్, రాయ్ ఆర్బిసన్, ఒకే వేదిక మీద చేరి, మహిమలోకానికి పోయే రైలును గురించిన పాత భక్తిగీతాన్ని ఆయన స్మృతికి పాడారు. పండుగ పూట పోయినవారిని తలచుకుని, ఆ వెంటనే గొంతెత్తి హుషారుగా పాడటం మన ఇళ్లలోనూ ఉన్నదే కాబట్టి, ఆ పాటకు అనువాదం అక్కరలేదు.

ఈ కాలపు కార్యక్రమాలలో ప్రసిద్ధమైనది నాష్‌విల్‌లోని కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ 2010 నుంచి ఏబీసీ టీవీలో ప్రసారం చేయిస్తున్నది. ప్రసారానికి ముందుగానే చిత్రీకరించే ఈ కార్యక్రమంలో గాత్రాలు గొప్పవే. వెలుగుల హంగు ఎక్కువై, మనుషుల మధ్య మాట తగ్గిందని నా అభిప్రాయం.

ప్రశ్న: ‘కౌబాయ్ క్రిస్మస్’ అని వెతికితే జులై నెల ఎడ్ల స్వారీ ఫొటోలు కనిపిస్తున్నాయి. ఇది పొరపాటా?
– కళాశాల విద్యార్థి, కాకినాడ

జవాబు: పొరపాటు కాదు. అమెరికా స్వాతంత్ర్య దినమైన జులై 4 చుట్టూ రోడియో పోటీలు, అంటే కౌబాయ్‌లు గుర్రాల మీద, ఎడ్ల మీద స్వారీ చేసే పందేలు, ఊరూరా వరుసగా జరుగుతాయి. ఏడాదిలో సంపాదనకు అంతకు మించిన అదను ఉండదు కనుక, స్వారీదారులు రాత్రంతా బండి నడిపి ఒక ఊరి నుంచి మరొక ఊరికి చేరుతూ, ఆ కొద్ది రోజులను కౌబాయ్ క్రిస్మస్ అని పిలుచుకుంటారు. టీవీ కార్యక్రమాలకూ దానికీ సంబంధం లేదు.

ప్రశ్న: మా సంఘ యువజనులు ఈసారి క్రిస్మస్ సాయంత్రాన్ని కౌబాయ్ వేషాలతో, గిటార్లతో చేస్తామంటున్నారు. పెద్దలు వద్దంటున్నారు. పాటల బృందం బాధ్యత నాది. ఏం చేయమంటారు?
– గుంటూరు నుంచి ఒక సంఘ సభ్యుడు

జవాబు: టెక్సాస్‌లోని యాన్సన్ అనే ఊరి ఉదాహరణ మీకు పనికి వస్తుంది. అక్కడ 1885లో మార్నింగ్ స్టార్ అనే హోటల్లో పశుపాలకుల కోసం జరిగిన క్రిస్మస్ నృత్యాన్ని లారీ చిట్టెండెన్ అనే కవి పద్యంగా రాశారు. 1934 నుంచి ఆ ఊరివారు దానిని మళ్లీ ఏటా జరుపుకుంటున్నారు. అదే ఊరిలో బహిరంగ నృత్యాన్ని నిషేధించే నిబంధన 1987 వరకు అమలులో ఉండేది. ఈ క్రిస్మస్ నృత్యానికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. అంటే మీ ఊరి పెద్దలకూ కుర్రవారికీ మధ్య ఉన్న పేచీ అక్కడా ఉంది, వారు మర్యాద నియమాలతో దానిని పరిష్కరించుకున్నారు. స్త్రీలు నృత్యం చేయాలంటే గౌను గాని లంగా గాని కట్టుకోవాలి, పురుషులు నృత్యశాలలో టోపీ తీసేయాలి.

కాబట్టి మీ యువజనులను వేషం కన్నా వాద్యం మీద ఎక్కువ శ్రమ పడమనండి. కంట్రీ సంగీతంలో స్టీల్ గిటారు అనే వాద్యం ఉంది. తీగల మీద ఇనుప కడ్డీని జార్చుతూ వాయిస్తారు. ఒక స్వరం నుంచి మరొక స్వరానికి మెట్టు లేకుండా జారిపోయే ఆ నాదం వీణ గమకాలు విన్న చెవికి వెంటనే చుట్టమైపోతుంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో నుంచి మీ పెద్దలకు ఇష్టమైన జనన గీతాన్ని ఒకదానిని తీసుకుని, రాగం మార్చకుండా, ఫిడేలు, గిటారు, దొరికితే స్లైడు (తీగల మీద జార్చే గొట్టం) వేసిన గిటారు మాత్రమే తోడుగా, లయ నెమ్మదిగా ఉంచి ముందుగా పెద్దలకే ఒకసారి వినిపించండి. మైకుల దగ్గర వరుసగా నిలబడవద్దు. జానీ క్యాష్ కార్యక్రమంలోలాగా అరవృత్తంగా కూర్చుని, ఒకరి ముఖం ఒకరు చూస్తూ పాడండి. టోపీలు కావాలంటే పెట్టుకుని రానివ్వండి. ప్రార్థన మొదలయ్యే ముందు తీసి ఒళ్లో పెట్టుకోమని చెప్పండి; అసలు కౌబాయ్‌లు కూడా అదే చేస్తారు.